వెనకగోడ కిటికీ

ఆ సందులో పెద్దకారు వచ్చి వెనక్కి తిరగ్గలిగిన చోటు ఒక్కటే. ఆ చోటుకు ఎదురుగా ఉన్న ఇల్లు గోనెసంచులు కుట్టే ఆమెది. పేదరికం గురించి తెలుసుకోవాలని వచ్చే పెద్దలు ఆరేళ్లుగా ఆ ఇంట్లోనే తెలుసుకుని వెళ్తున్నారు. ఆమెకంటే లేనివాళ్లు సందులో చాలామందే ఉన్నారు గానీ, వాళ్ల గుమ్మాల దాకా కారు పోదు.

సందులో ఆమెను అందరూ దబ్బనం అంటారు. చేతిలో ఎప్పుడూ ఆ పొడుగు సూది ఉంటుందని పెట్టిన పేరు. ఆమె మాటకు కూడా ఆ పేరు సరిపోతుందని కొందరంటారు. ధాన్యం మార్కెట్ నుంచి చిరిగిన సంచులు బండిమీద వస్తాయి. వాటిని తిరగేసి దులిపి, మాసికలు వేసి, పురికొసతో కుట్టి, పాతికేసి కట్టలు కట్టడం ఆమె పని. పదేళ్లలో మార్కెట్ రెండింతలైంది. గిడ్డంగులు నాలుగింతలయ్యాయి. ఆ ఎదుగుదలలో ఆమె వాటా ఆమెకు సక్రమంగానే అందింది. రోజుకు యాభై సంచులు వచ్చేచోట ఇప్పుడు నూటఇరవై వస్తున్నాయి, వాటి దుమ్ముతో సహా.

ఆ దుమ్మంతా ఇంటికి ఉన్న ఒక్కగదిలోనే నిలిచేది. గదికి తలుపు ఉంది, కిటికీ లేదు. ఆమె అత్త అదే గదిలో నలభై ఏళ్లు సంచులు కుట్టి, ఇప్పుడు ఆ నలభై ఏళ్లనూ కొంచెం కొంచెంగా దగ్గి బయటపెడుతోంది. కొడుకు లారీ డ్రైవరు. నెలకోసారి వచ్చి తల్లి మంచం పక్కన కూర్చుని, మందులు వేసుకుంటున్నావా అని అడిగి వెళ్తాడు. ఆస్పత్రిలో డాక్టరు మాత్రం చీటీ చేతికిస్తూ, "గాలాడే చోట పడుకోబెట్టండి. అది లేకపోతే ఇవన్నీ దండగ," అన్నాడు.

కోడలు ఆ మాట మనసులో పెట్టుకుంది. కూల్చిన ఇళ్ల సామాను అమ్మేచోట ఊచల కిటికీ ఒకటి బేరమాడి తెచ్చింది. వెనకగోడ అవతల కాలవ, కాలవ అవతల ఖాళీనేల. గాలికి అడ్డం లేదు. మేస్త్రి వచ్చి గోడమీద బొగ్గుతో గీతలు గీసి, ఆదివారం వస్తానన్నాడు.

శనివారం ఆఫీసు సారు వచ్చాడు. సందును బాగుచేసే పథకం ఆయన చేతిమీదే నడుస్తోంది. మంచిమనిషి. ఎవరింటికెళ్లినా చెప్పులు బయటే విడుస్తాడు. గోడమీది గీతలు చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"ఇదేంటమ్మా?"

"కిటికీ పెట్టిస్తున్నాం సార్."

"ఇప్పుడా? వచ్చేనెల డబ్బిచ్చే పెద్దవాళ్లు వస్తున్నారు. నలభై ఇళ్లకీ కిటికీలు కావాలని మీ గది ఫోటోనే పెట్టి రాశాను. వాళ్లొచ్చేసరికి ఇక్కడ కిటికీ ఉంటే నేనేం చెప్పాలి?"

"కిటికీ ఉందని చెప్పండి."

"అలా అంటే ఎలాగమ్మా? మీ ఒక్కరికే కిటికీ ఉండి, మిగతా ముప్పైతొమ్మిది ఇళ్లూ ఇలాగే ఉండిపోవాలా? అభివృద్ధి అనేది అందరికీ సమానంగా అందాలి."

మంచంమీంచి అత్త అందుకుంది. "సమానంగానే అందింది నాయనా. ఎవరికీ లేదుగా."

సారు నవ్వాడు. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాడు కూడా.

సాయంత్రానికి సంగతి సందంతా పాకింది. పక్కింటి వదిన నడుంమీద చేతులు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమ్మా, నీ కిటికీ కోసం మా అందరి నోట్లో మన్ను కొడతావా?"

"అత్తకి ఊపిరాడట్లేదు వదినా."

"మా ఇళ్లల్లో గాలి తోసుకొస్తోందా ఏంటి? ఒక్క నెల ఓపికపట్టు. పెద్దావిడ ఆ మాత్రం ఆగలేదూ?"

"ఆగుతాలేవే," అంది అత్త. "ఆగలేకపోయినా, నా ఫోటో తగిలించుకోడానికి గోడ ఖాళీగానే ఉంటుంది."

మేస్త్రిని రావద్దన్నారు. ఊచల కిటికీ అదే గోడకు ఆనించి ఉండిపోయింది. నెల తిరిగింది. పెద్దవాళ్లకు వేరే చోట మీటింగు పడిందని కబురొచ్చింది. మరో నెలకు వాళ్ల విమానం కుదరలేదు. ఈలోగా అత్తకు వెల్లకిలా పడుకునే వీలు పోయింది. సంచుల కట్టకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. మూడోసారి వాయిదా పడిందని తెలిసిన రోజునే కోడలు వెళ్లి మేస్త్రిని వెంటబెట్టుకొచ్చింది.

"మళ్లీ ఆ సారొచ్చి ఆపమంటేనో?" అన్నాడు మేస్త్రి.

"ఆయనకి దగ్గు మొదలయ్యాక ఆపుదాం. ముందు కొట్టు."

రెండు రోజుల్లో కిటికీ లేచింది. ఆ మధ్యాహ్నం అత్త కాళ్లు బారజాపుకుని నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయింది. అంతసేపు పడుకోవడం అలవాటు తప్పిన మనిషి కావడంతో, కోడలు రెండుసార్లు కుట్టుపని ఆపి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

సందు ఆమెతో మాట్లాడటం మానేసింది. వదిన ఊడ్చుకుంటూ వచ్చి సరిగ్గా తన గుమ్మం హద్దు దగ్గర చీపురు ఆపేది.

ఆ వారంలోనే పెద్దవాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. ఈసారి వాయిదా లేదు. సారు గంట ముందొచ్చి కిటికీ చూశాడు. కోప్పడలేదు. కోప్పడే తీరిక లేదు.

"ఒక్క అరగంట దానిమీద సంచి వేలాడదియ్యండమ్మా. మీ కోసం కాదు, సందు కోసం."

సందు కోసం అనేసరికి ఆమె కాదనలేకపోయింది.

ఎనిమిదిమంది గదిలో చేరారు. అంతకుముందు వచ్చినవాళ్లందరి ఎదుటా అత్త బాగా దగ్గేది. ఎవరూ రాకపోయినా దగ్గేది. ఆ రోజు దగ్గు రాలేదు. నోరు తెరిచి, మంచంపట్టె పట్టుకుని, గాలికోసం భుజాలు ఎగరేస్తోంది. వచ్చినవాళ్లలో ఒకాయన అది ఫోటో తీస్తున్నాడు. కోడలు లేచి ఎవరి ముఖమూ చూడకుండా సంచి లాగిపడేసింది.

గదిలోకి వెలుతురు వచ్చింది. వాళ్లలో పెద్దామె కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి ఏదో అడిగింది. సారు దాన్ని తెలుగులో చెప్పాడు. "ఇది ఎవరు పెట్టించారని అడుగుతున్నారమ్మా." చెబుతూ కళ్లతోనే బతిమాలాడు. గుమ్మం బయట సందంతా చెవులు రిక్కించింది.

"మేమే పెట్టించుకున్నాం," అంది ఆమె.

వదిన ముఖం తిప్పేసుకుంది. పెద్దామె ముఖం మాత్రం వెలిగిపోయింది. వీళ్లు తమంతట తాము పెట్టించుకున్నారా అని రెండుసార్లు అడిగింది. చేతులు పట్టుకుని ఊపింది. కారెక్కేదాకా అదేమాట.

నెల తర్వాత కాగితం వచ్చింది. సారే చదివి వినిపించాడు. ఈ సందులో లేనిది కిటికీ కాదట, అవగాహనట. అది ఉంటే ఎవరి కిటికీ వాళ్లే పెట్టించుకోగలరని రుజువైందట. కాబట్టి కిటికీలకు బదులు, కిటికీ వల్ల లాభాల మీద మూడురోజుల శిక్షణ మంజూరైంది. చెప్పేది గోనెసంచుల ఆమె. చోటు ఆమె గదే, సందులో కిటికీ ఉన్న గది అదొక్కటే కనక.

శిక్షణ రోజు ఆఫీసు నుంచి మడతకుర్చీలు వచ్చాయి. ఇంటికొకరు రావాలని గట్టిగా చెప్పడంతో ముప్పైమందికి పైగానే వచ్చి, ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చున్నారు. చోటు చాలక అత్త మంచాన్ని ఎత్తి వీధిలో వేశారు. రంగురంగుల చార్టు ఒకటి తగిలించాలి. గోడకు మేకు లేదు. సారు అటూ ఇటూ చూసి దాన్ని కిటికీ ఊచలకు కట్టాడు. కిటికీ పూర్తిగా మూసుకుపోయింది.

"మొదలుపెట్టండమ్మా. ముందు గాలి గురించి."

ఆమె చార్టు వంక చూసింది. కుర్చీల్లో చెమటలు కక్కుతున్న ముఖాలు చూసింది. తలుపులోంచి, ఎండలో కొంగు తలమీద కప్పుకుని కూర్చున్న అత్తను చూసింది.

"లేవండందరూ. కుర్చీలు తీసుకుని బయటికి నడవండి."

"అమ్మా, కిటికీ చూపించకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?" అన్నాడు సారు.

"కాలవ వైపు నుంచి కూడా కనిపిస్తుంది సార్. మీరు తీసుకెళ్లి చూపించండి."

ఆమె చార్టు విప్పి సారు చేతికిచ్చి, వీధిలోకి వెళ్లి మంచం తలవైపు పట్టుకుంది. రెండోవైపుకి ఎవరినీ పిలవలేదు. వదినే వచ్చి వంగింది. కిటికీ లేచాక ఆమె ఆడిన మొదటి మాట, "నిదానం. గడప ఉంది."

మంచం కిటికీ కింద దించారు. అత్త పక్కకు ఒత్తిగిల్లింది.

"ఏం చెప్తున్నారే క్లాసులో?"

"గాలి మంచిదంట అత్తా," అంది వదిన.

"ఎంతసేపు చెప్తారో?"

"మూడు రోజులు."

"అయితే ఆ తలుపు దగ్గరేసి వెళ్లండి," అంది అత్త కళ్లు మూసుకుంటూ. "ఆ గోల నాకు వినపడకుండా."