బేతంచర్ల నల్లబండ

నేను హైదరాబాదులో ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక భవనాల గురించి పాఠాలు చెబుతాను. కిందటి వేసవిలో బేతంచర్లలో ఒక స్నేహితుడి కొత్త ఇంటికి వెళ్లాను. హాలంతా తెల్లటి నాపరాళ్లు పరిచి, ఒక మూల మాత్రం ఒకే ఒక్క కడప నల్లబండ వేశారు. ఆ తెగువకు ముచ్చటపడ్డాను. నగిషీ లేదు, అన్నివైపులా ఒకేలా ఉండాలన్న పట్టింపు లేదు. ఆధునిక వాస్తుశిల్పులు తపించింది ఇందుకే కదా!

బండలు పరిచిన మేస్త్రీ మస్తాన్ అక్కడే ఉన్నాడు, పెద్దాయన. ఇలాంటి ఆలోచన కోసం యూరప్‌లో హేమాహేమీలు పోట్లాడుకున్నారని పావుగంట సేపు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అదంతా నాకు తెల్దప్పా. నేను దిష్టికి ఏసినా. అంతా ఒకే తీరుగా శానా బాగుంటే జనం కన్ను పడతాది. ఒక్క తప్పన్నా ఉండాల."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మరి నువ్వు చెప్పే ఆ కట్టడాలకు దిష్టికేం పెట్టినారప్పా?"

ఏమీ పెట్టలేదన్నాను. నేను పాఠం చెప్పేవాటిలో మా హైదరాబాదులోనే మూడింటిని ఇప్పటికే పడగొట్టారన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.