మిద్దెకు పట్టని నీళ్లు

పదకొండేళ్లుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. చెప్పకుండా ఉండటం మొదట్లో కష్టంగా ఉండేది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు ఆ అలవాటును చూసుకుంటేనే రోత పుడుతోంది. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. మొహం చూస్తూ చెప్పాల్సి వస్తే మళ్లీ ఏదో ఒక అబద్ధం కలిపేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నేను ఇంజనీరును. మా పట్నం నడిబొడ్డున కట్టిన పెద్ద లైబ్రరీకి సైటు బాధ్యత నాది. ఆ పట్నం పేరు రాయను, భయం. చదువుకునే హాలు మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా గీశారు. ఉత్తరం వైపు ఎత్తైన కిటికీలు. వెలుతురు వస్తుంది, ఎండ రాదు. ఆ నక్షా చూసి చాలా సంతోషపడ్డాను. ఆ ఒక్కటి మాత్రం అబద్ధం కాదు.

అంత వెడల్పు మిద్దెకు కాంక్రీటు పోశాక రెండు మూడు వారాలు తడి ఆరనివ్వకూడదు. పైన మట్టికట్టలతో మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టాలి. మేస్త్రీ నాగప్ప, కంబదూరు మనిషి, ఆ కట్టలన్నీ తన చేత్తోనే వేశాడు. అనంతపురం చుట్టుపక్కల వాళ్లకు మా ఎండాకాలం గురించి చెప్పే పని లేదు. నీళ్లు ట్యాంకరులో రావాల్సిందే.

సరిగ్గా ఆ నెలలోనే నా సొంతింటికీ మిద్దె పోయించాను. ఇంటి దగ్గర బోరు ఎండిపోయింది. లైబ్రరీకి వచ్చే ట్యాంకరును నా ఇంటికి మళ్లించాను. ఒక్క రోజే కదా అనుకున్నాను. నిజంగా ఒక్క రోజే అనుకున్నానా? లేదు. డ్రైవరుకు మొదటిరోజే దారి మొత్తం చెప్పి ఉంచాను, రోజూ అడక్కుండా వచ్చేటట్టు.

ఇంకో నీచమైన పని చేశాను. పరీక్షకు పంపడానికి అదే కాంక్రీటుతో చిన్న దిమ్మెలు పోస్తాం. వాటిని మాత్రం సైటు ఆఫీసు పక్కన తొట్టెలో నిండా ముంచి ఉంచాను. నీళ్లు తగ్గితే నేనే బిందెతో పోశాను. దిమ్మెలు పాసవ్వాలి కదా.

నాలుగో రోజు నాగప్ప నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఈ పొద్దు కూడా ట్యాంకరు రాలే. మిద్దె కాలిపోతాండాది. మళ్లన్నీ నెర్రెలిచ్చినాయి."

"వస్తాదిలేప్పా. గోనెసంచులు కప్పు."

"గోనెసంచులు తడపనీకన్నా నీళ్లుండాల గదా సార్. యాడికి పోతాండాది ఆ ట్యాంకరు?"

"నీ పని నువ్వు చూసుకోప్పా."

ఆ సాయంత్రం అతనూ అతని భార్యా పక్కవీధి కొళాయి దగ్గర వరసలో నిలబడి, బిందెలు మోసుకొచ్చి మిద్దె మీద పోశారు. పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోయాయి. నేను కింద నిలబడి చూశాను. చూసి ఇంటికి వెళ్లిపోయాను. అక్కడ నా మిద్దె మీద మళ్లు నిండి పొర్లుతున్నాయి.

లైబ్రరీ తెరిచిన రోజు నాకు శాలువా కప్పారు. తొలి వానకే హాలు కారింది. పగుళ్లు గోడదాకా పాకాయి, అరలకు అరలు పుస్తకాలు తడిసి ఉబ్బిపోయాయి. విచారణ జరిగింది. దిమ్మెల రిపోర్టు బాగుంది కాబట్టి కాంక్రీటు తప్పు కాదన్నారు. అయితే మిద్దెకు సరిగా నీళ్లు పట్టలేదన్నమాట, అని తేల్చారు. ట్యాంకరు రోజూ వచ్చిందని, మేస్త్రీయే పట్టలేదని చెప్పాను. గొంతు తడబడలేదు కూడా. డ్రైవరు కాంట్రాక్టరు మనిషి, కాంట్రాక్టరు బిల్లులు నా సంతకం మీదే ఉన్నాయి, నోరు విప్పలేదు. తలుపు దగ్గర నిలబడిన నాగప్ప నా వైపు చూశాడు.  నేను పెన్ను మూత పెట్టుకున్నాను.

ఆ తర్వాత పట్నంలో అతనికి ఎవరూ పని ఇవ్వలేదు. లైబ్రరీ మిద్దె చెడగొట్టినవాడని పేరుపడింది. బెంగళూరుకు పోయి వేరే మేస్త్రీల కింద కూలీగా కాంక్రీటు బొచ్చెలు మోశాడని విన్నాను. విని ఊరుకున్నాను.

పోయిన నెల మా వీధిలో పనికి వచ్చిన ఓ మేస్త్రీది కంబదూరు అని తెలిసింది. ముప్పై ఏళ్లుంటాయి. మొహంలో పోలిక ఉంది. ఎవరి కొడుకువని అడిగాను. మా నాయన సేద్యం చేసేవాడు సార్, అన్నాడు. అతను వెళ్లాక అక్కడున్న కూలీ అసలు సంగతి చెప్పాడు. నాగప్ప కొడుకేనట. నాగప్ప చనిపోయి రెండేళ్లయిందట. తండ్రి పేరు చెబితే మిద్దె పని ఇవ్వరని ఎక్కడా చెప్పుకోడట.

మర్నాడు ఆ అబ్బాయి ఎదురైనప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. టీ తాగుతావా అని అడిగాను. ఛీ! అతని తండ్రి పేరును మట్టిలో కలిపినవాణ్ని, అతనికి టీ పోయించాను. అతను దండం పెట్టి తాగాడు.

అసలువాడు పోయాక రాస్తున్నాను. దీన్ని ధైర్యం అంటారా? నేనైతే అనను. నాగప్ప అన్నది అసలు పేరే, మార్చలేదు. నా పేరు మాత్రం ఇప్పటికీ రాయలేకపోతున్నాను.

కంబదూరు నాగప్ప ఆ మిద్దెను చెడగొట్టలేదు. నేను చెడగొట్టాను. రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆ కొంచెం కూడా నాకు దక్కాల్సింది కాదు.