పన్నెండో అధ్యాయం దాటని ఉమాశంకర్

ఉమాశంకర్ నవల రాస్తున్నాడని గాజువాకలో అతని వీధంతటికీ తెలుసు. అది పూర్తి కాదని కూడా తెలుసు. ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో క్రేన్ నడిపి, పోయిన ఏడే రిటైరైన మనిషి. తొమ్మిదేళ్లుగా ఆ నవలను పన్నెండో అధ్యాయం దాటించలేకపోయాడు. మొదలు బ్రహ్మాండంగా కుదిరింది. ముగింపులకేం కొదవ లేదు, మూడు రాసిపెట్టుకున్నాడు. మధ్యలోంచి అక్కడికి వెళ్లే దారే దొరకలేదు. అధ్యాయాల పేర్లు అట్టముక్కల మీద రాసి గోడకు అంటించాడు, వాటిని అటూ ఇటూ మార్చాడు, ఒక తుపాను కూడా రప్పించాడు. నవల మాత్రం మొండికేసి కూర్చుంది.

వినేది గురువమ్మ ఒక్కతే. అదే మిల్లులో క్రేన్ నిచ్చెన మీంచి పడి చనిపోయిన అర్జునరావు భార్య. మగవాళ్లిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. ఆ వరసన ఆమెకు ఉమాశంకర్ అన్నయ్య. ఆదివారం పొద్దున్న ఆమె మిషన్ కుట్టుకుంటూ ఉంటే, పక్కన స్టూలు వేసుకుని చదివేవాడు.

ఆ ఆదివారం మూడో ముగింపు చదివాడు. క్రేన్ ఆపరేటర్ సూర్యం ప్రమాదంలో చచ్చిపోతాడు.

“ముగింపు బాగానే ఉంది అన్నయ్యా. దానికి ముందే ఏటీ లేదు,” అంది గురువమ్మ. “నీ కతలో ఎవుడూ తప్పు సెయ్యడు. అందరూ మంచోలే. మరి ఆడెందుకు సచ్చిపోవాల?”

“యాక్సిడెంటు కదమ్మా.”

“రెండుకి డ్యూటీ దిగిపోయినోడు మూడున్నరకి క్రేన్ మీద ఏటి సేత్తన్నాడు? ముందది రాయి. మిగతాది దానంతటదే వత్తాది.” దారం తెంపింది. “మాయనా అంతే. ఇంటికి రాకుండా అక్కడేటి పనో. ఇన్నేళ్లూ తిట్టుకుంటానే ఉన్నాను.”

ఉమాశంకర్ రాతపుస్తకం మూసి లేచి వచ్చేశాడు. జవాబు తెలిసినవాడు అతనొక్కడే.

ఆ మిల్లులో రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, వస్తేగాని క్రేన్ వదలకూడదు. బావలిద్దరూ ఆ రూలుకు సొంత సవరణ చేసుకున్నారు. ఒకడు ఆలస్యమైతే రెండోవాడు ఉండిపోతాడు, హాజరు పుస్తకంలో అతని సంతకం కూడా గీకేస్తాడు. అర్జునరావు పోయిన రోజు, రెండు గంటలకు డ్యూటీ ఎక్కాల్సిన ఉమాశంకర్ టీకొట్టు బెంచీ మీద పన్నెండో అధ్యాయం రాస్తున్నాడు. ఎప్పుడూ రానంత ధారగా వస్తోంది. ఫోన్ చేశాడు. అర్జునరావు ఉండిపోయాడు. మూడున్నరకు మంచినీళ్ల కోసం దిగబోయి జారిపడ్డాడు.

హాజరు పుస్తకం ప్రకారం ఆ వేళ క్రేన్ మీద ఉండాల్సింది ఉమాశంకర్. మిల్లువాళ్లు అడిగితే, “నాను టీకి దిగాను, బావ ఊరికే ఎక్కాడు” అన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో అన్న మాట. డ్యూటీ లేకుండా క్రేన్ ఎక్కడం అర్జునరావు తప్పేనని మిల్లు తేల్చేసింది. పోయినవాడు వచ్చి కాదనలేడు కదా, ఆ తప్పు అతనికే అంటుకుపోయింది. ఇంత దాచుకున్న మనిషికి నవల కదలకపోవడంలో వింతేముంది?

వారం రోజులు రాశాడు. ఆదివారం పదమూడో అధ్యాయం పట్టుకుని వెళ్లి చదివాడు. అందులో సూర్యానికి వెంకటం అనే నేస్తం కొత్తగా పుట్టుకొచ్చాడు. టీకొట్టు, ఫోను, సంతకం, అబద్ధం, అన్నీ ఉన్నాయి. మిషన్ ఎప్పుడు ఆగిందో అతనికి తెలియలేదు. ఏడుపొచ్చింది గానీ, ఆమె ముందు ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది.

“ఫోన్లో సూర్యం ఏటన్నాడో, అది మల్లీ సదువు.”

“‘నువ్వు రాసుకో బావా, నానుంటాను,’” అని చదివాడు.

గురువమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. మొగుడు పోయినందుకు ఏనాడో ఏడ్చేసింది. ఇది ఇన్నాళ్లూ అతన్ని తిట్టుకున్నందుకు. ఉమాశంకర్ స్టూలు మీదే కూర్చుండిపోయాడు.

“కతలో ఇలాగ...” అని ఏదో చెప్పబోయాడు.

“కత కాదిది.” మిషన్ సొరుగులోంచి పెన్ను తీసి ఇచ్చింది. “సూర్యమెవుడు? కొట్టేసి మాయన పేరు రాయి.”

అన్నయ్యా అనలేదు. అతను సూర్యం అన్న చోటల్లా కొట్టేసి, పైన అర్జునరావు అని రాసుకుంటూ పోయాడు. ఆమె ఒక్కో లైను కింద వేలు పెట్టి, ఒక్కటీ వదలకుండా చూసింది. తర్వాత ఆ వేలు వెంకటం మీదికి జరిగింది.

“ఈడి పేరు కూడా.”

వెంకటాన్ని కొట్టేశాడు. పైన తన పేరు రాశాడు.

“రేపు పొద్దున్న మిల్లుకెల్దాం. ఆల్లందరి ముందరా నువ్వే సదవాల.”

ఉమాశంకర్ తలూపి, పుస్తకం కోసం చెయ్యి చాపాడు. గురువమ్మ ఇవ్వలేదు. ఇంటికి తీసుకెళ్తే రాత్రికి రాత్రి మళ్లీ ముగింపు మార్చేస్తాడని, దాన్ని తన ఒళ్లోనే పెట్టుకుంది.