టైర్ల గోడకు పన్నెండు అంగలు

ఆదివారం పొద్దున ఏడు గంటలకల్లా ముగ్గుపిండి డబ్బా పట్టుకుని సిమెంటు నేల మీదికి దిగుతాను. నేను వేసేది ఇంటి ముందు ముగ్గు కాదు. కార్లు తిరగడానికి హద్దు గీత. నడుము వంచి, వేళ్ళ సందులోంచి పిండి వదులుతూ, పెద్ద గుండ్రం చుట్టి వస్తాను. గీత తెగకుండా వేయడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. దాన్ని ఎక్కడ వేయాలో నేర్పింది మా ఆయన.

కృష్ణగిరి దగ్గర గురుబరపల్లి దాటాక, హైవే నుంచి లోపలికి వస్తే మా ఇల్లు, దాని ముందరే మా పార్కు. ఆ నేల ఒకప్పుడు మా మామగారి గొర్రెలు మేసిన గట్టు. తరవాత బర్గూరు నుంచి వచ్చే గ్రానైట్ పలకలు నిలబెట్టడానికి ఎవరో బాడుగకు తీసుకున్నారు. బరువు ఆగాలని మోచేయంత మందాన కాంక్రీటు పోశారు. వ్యాపారం చెడి వాళ్ళు వెళ్ళిపోయారు. కాంక్రీటు మిగిలింది. దాని మీద గడ్డి మొలవదు, రాగి పండదు. ఆ పలకల లారీలే ఇరవై ఏళ్ళు నడిపిన మా ఆయన నేలంతా ఒకసారి నడిచి వచ్చి అన్నాడు:

"దీంట్లో ఇంక ఏమీ పండదే. తిప్పుకునేదానికే పనికొస్తుంది."

పాత కారొకటి తెచ్చి నిజంగానే తిప్పాడు. హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళు విని, వాళ్ళ కార్లు తెచ్చుకున్నారు. వాళ్ళను చూడటానికి కృష్ణగిరి నుంచి, కావేరిపట్టణం నుంచి కుటుంబాలు వచ్చాయి. చూసేవాళ్ళు కూర్చోవడానికి మట్టి గట్టు పోశాం. గట్టుకు ముందు లారీ టైర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ కట్టాం. అట్లా పార్కయింది.

చూడనివాళ్ళకు ఈ ఆట చెప్పడం కష్టం. కారు మలుపు తిరిగేటప్పుడు కావాలనే వెనక చక్రాలను జారనిస్తారు. కారు ముక్కు లోపలికి చూస్తుంటే తోక బయటికి ఊగుతుంది. కారు అడ్డంగానే ముందుకు పోతుంది. డ్రైవరు ఎదుటి అద్దంలోంచి కాదు, పక్క అద్దంలోంచి దారి చూసుకోవాలి. ఎదురుగా ఎంత బాగా కనిపించినా లాభం లేదు. పక్కచూపు ఉన్నవాడే ఈ ఆట ఆడగలడు. దీనికి ఇంగ్లీషులో డ్రిఫ్టింగ్ అంటారు. మా ఆయన 'తోక తిప్పడం' అనేవాడు.

పార్కుకు ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. టైర్ల గోడకూ ముగ్గుగీతకూ మధ్య పన్నెండు అంగలు, ఆయన అంగలతో. పొద్దున మొదటి చుట్టు ఆయనది. తరవాతే మిగతావాళ్ళు. ఎవరి తోకైనా మొదటి చుట్టులో ముగ్గును చెరిపితే ఆ రోజుకు తాళంచెవి నా చేతికి ఇచ్చి గట్టు మీద కూర్చోవాలి.

"ముగ్గు తొక్కితే ఏమవుతుందమ్మా?" అని కొత్తగా వచ్చినవాడొకడు అడిగాడు.

"నీకేం కాదప్పా. మళ్ళీ వంగి వేయల్ల నేను. నా నడుం నొప్పి నీకు తగులుకుంటుంది, రేపు పెండ్లిలో వంగి అత్తమామల కాళ్ళు పట్టుకోలేవు."

గట్టు మీదివాళ్ళంతా నవ్వారు. ఆ వారం వాడు తాళం ఇచ్చాడు. ఆ తరవాత ఎప్పుడూ ఇవ్వలేదు.

నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ నేల మీదే. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగానే గానీ బడి గడప తొక్కలేదు. యాభై దాటాక, ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక, కారు టైర్లు కాలి నేల మీద పడిన నల్లటి చుట్టల మధ్య ఆయన నన్ను నిలబెట్టాడు.

"ఇది చూడు, సున్న. నడిమధ్యన చుక్క పెట్టు. నెత్తిన తలకట్టు పెట్టు. ఠ అయిపోయింది."

"ఇంత పెద్ద అక్షరమా మామా?"

"నీ బుర్రకు చిన్నవి యాడ కనపడతాయి!"

ముగ్గుపిండితో చుక్క పెట్టాను, తలకట్టు పెట్టాను. చుక్క తుడిచేసి ర చేశాను. ఆ చలికాలమంతా వారానికి రెండు మూడక్షరాలు. అయిదో తరగతి దాకా చదివిన ఆయన తనకు ఎంత తెలుసో అంతా నాకు ఇచ్చాడు. తరవాత పలకకు, నోటుపుస్తకానికి వచ్చాను. ఇప్పటికీ నేను రాసే ర కొంచెం పెద్దదిగానే వస్తుంది.

నేల మీద ఆయన టైర్లు గీసే నల్లచుట్ట ఎప్పుడూ మూసుకునేది. మొదలైనచోటే వచ్చి కలిసేది. దాన్ని చూసి నేర్చుకున్నదాన్ని కాబట్టి అది కలవని రోజు నాకు వెంటనే తెలిసింది. ఎడమ వైపు, గోడ ఉన్న వైపు, జానెడు బయటికి పోయి ముగ్గును చెరిపింది.

ఆయన దిగి వచ్చి చూసుకున్నాడు. నవ్వుతూ తాళం నా చేతిలో పెట్టాడు. గట్టు మీద ఈలలు వేశారు. "పెద్దాయనా, నీ కట్టు నీకే చుట్టుకునింది!" అని ఎవరో అరిచారు. ఆయనా నవ్వాడు.

మరుసటి వారం మళ్ళీ చెరిగింది. ఈసారి ఈలలు లేవు. అదే మనసుకు ఎక్కువ తగిలిందనుకుంటాను. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచాడు.

నేను ఇంట్లో కూడా చూస్తూనే ఉన్నాను. లోపలికి వచ్చేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి రాసుకునేది. ఎడమ పక్కన పెట్టిన నీళ్ళచెంబు తగిలి పడిపోయేది. గొర్రెకు ఒక కన్ను పోతే అది ఆ వైపు కంచెను రాసుకుంటూ నడుస్తుంది. మందలో ఎన్నింటిని చూశాను! మా నాయన అయితే అట్లాంటిదాన్ని సాయంత్రానికే పట్టుకుని కంటి రెప్ప ఎత్తి చూసేవాడు. నేను మాత్రం ఒకే ఒకసారి అడిగాను.

"కంట్లో ఏమన్నా ఉండాదా మామా?"

"పొగ. టైరు పొగే. ఏమిటికి?"

"ఏం లేదు."

మూడో ఆదివారం నేను గీతను మూరెడు గోడ వైపు జరిపి వేశాను.

ఎవరూ చెప్పలేదు నాకు. ఆలోచించి చేసిందీ కాదు. వంగినప్పుడు చెయ్యి తనంతట తానే బయటికి పోయింది. ఆయన చుట్టు తిరిగి వచ్చాడు. పొగ తేలిపోయాక దిగి చూశాడు. ముగ్గు చెరగలేదు. తల ఎత్తి, అంతమందిలో నన్ను వెతికి, "చూసినావా?" అన్నాడు. పెండ్లయిన కొత్తలో మొదటిసారి లారీ తోలుకొచ్చి మా ఇంటి ముందు ఆపినప్పుడు అన్నట్టే అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం మళ్ళీ జరిపాను. తరవాత మళ్ళీ. ఆయన ఎంత బయటికి పోతే నా గీత అంత బయటికి పోయింది.

హోసూరు నుంచి మొదటి నుంచీ వచ్చే డ్రైవరొకాయన ఒకరోజు నిలబడి గోడనూ గీతనూ మార్చి మార్చి చూశాడు.

"ఏమమ్మా, గోడ దగ్గరికి వచ్చినట్టు ఉండాదే?"

"గోడ యాడికి వస్తుందప్పా, దానికి కాళ్ళుండాయా? నీ కారే బలిసింది."

మళ్ళీ అందరూ నవ్వారు. ఆ డ్రైవరూ నవ్వి వెళ్ళిపోయాడు. చూపున్నవాళ్ళు గీత ఎక్కడున్నా గోడను చూసుకుని తిప్పుకుంటారు. మా ఆయనకు గోడ కనిపించేది కాదు. ఆయనకున్నది నా గీతే.

మామిడికాయల కాలంలో జరిగింది. గట్టు మీద జనం నిండుగా ఉన్నారు. కావేరిపట్టణం నుంచి వచ్చిన ఒకామె గోడ వెనకే బిడ్డను ఒడిలో పెట్టుకుని, కాయ ముక్కకు ఉప్పూకారం అద్ది నోటికి అందిస్తోంది. అది నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ బిడ్డ కారానికి మొహం వంకరగా పెడితే నేను చూసి నవ్వుతున్నాను. అప్పుడే మా ఆయన కారు తోక వచ్చి గోడను కొట్టింది. పై వరస టైరు ఎగిరి ఆమె పాదం మీద పడింది. బిడ్డకు ఏమీ కాలేదు. ఆమె అరవలేదు కూడా. "బిడ్డను పట్టుకోండి, బిడ్డను పట్టుకోండి" అని మాత్రం అంటూ ఉంది.

పాదంలో ఎముక విరిగింది. కృష్ణగిరి ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఆమె మొగుడు నానా మాటలూ అన్నాడు. అనవలసినవే. మా ఆయన చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు.

ఇంటికి వస్తూనే లోపలికి రాకుండా నేరుగా కాంక్రీటు మీదికి నడిచాడు. టైర్ల గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. అక్కడి నుంచి గీత వైపు అంగలు వేయడం మొదలుపెట్టాడు. నేను ఇంటి ముందరే నిలబడిపోయాను. ఒకటి, రెండు, మూడు. పెదవులు కదలడం నాకు కనిపిస్తోంది. ఎనిమిదో అంగకు కాలు ముగ్గు మీద పడింది. ఆగాడు. కిందికి చూశాడు. మళ్ళీ గోడ దగ్గరికి పోయి మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. మళ్ళీ ఎనిమిదే.

"నువ్వు జరిపినావా?"

నేను తల ఊపాను. ఊపింది ఆయనకు కనిపించిందో లేదో.

"ఎప్పటినుంచి?"

"చలి తగ్గినప్పటినుంచి మామా."

"నాకు కనపడలేదని నీకు తెలుసు."

అడగడం కాదు అది. ఇంకేదైనా అంటాడని నిలబడే ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన జేబులోంచి కారు తాళంచెవి తీసి, కట్టు ప్రకారం నా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ అది నా దగ్గరే ఉంది.

ఆ వారమే కంటి ఆసుపత్రికి పోయాం. డాక్టరు పక్క గదిలో ఆయన్ను చాలాసేపు పరీక్ష చేశాడు. కంటి నరం ఎండిపోతోందని చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదట. మిగిలినదాన్ని చుక్కల మందుతో ఎంతకాలం నిలపగలమో చూద్దామన్నాడు. నాలుగైదు నెలల ముందు వచ్చి ఉంటే చాలా మిగిలేదన్నాడు. తరవాత నా వైపు తిరిగి, కోపంగా కాదు, మామూలుగానే అరవంలో అడిగాడు. ఇంట్లో ఒకరూ కనిపెట్టలేదా అమ్మా, అని.

మా ఆయనే జవాబు చెప్పాడు.

"ఆమెకేం తెలుసు సార్. చదువుకోనిది."

నన్ను కాపాడటానికే అన్నాడు. అది నాకు తెలుసు. డాక్టరు ముందు, అంతమంది రోగుల ముందు నేను తల దించుకోకూడదని అన్నాడు. కానీ ఆ కాంక్రీటు మీద నాకు ఠ నేర్పిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చింది. ఆయన చుట్టను నాకంటే బాగా చదవగలిగినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరున్నారు? చదివాను. చదివి, పిండి చల్లి కప్పేశాను.

రెండు నెలలు పార్కు మూసేశాం. మళ్ళీ తెరవమన్నది ఆయనే. గోడ ముందు ఇంకో వరస టైర్లు పేర్పించి, జనాన్ని పై గట్టుకు జరిపించాడు. కాలు విరిగిన ఆమె కోలుకుంది. కొంచెం ఈడ్చి నడుస్తుంది. ఒకసారి బిడ్డతో వచ్చింది. నేను చెయ్యి పట్టుకుంటే, "పోనీలేమ్మా, బిడ్డకు ఏమీ కాలేదు కదా" అంది. అంత తేలిగ్గా వదిలేయడం నాకు ఎవరూ నేర్పలేదు.

ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటిలో గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్యన కొంచెం కనిపిస్తుందంటాడు. ఇంట్లో మాట్లాడతాడు. అన్నం తింటాడు, ఉప్పెక్కువైందంటాడు, మనవరాలితో పరాచికాలాడతాడు. కారు మాట మాత్రం నా దగ్గర ఎత్తడు. ఆదివారం గట్టు మీద అందరితో కూర్చుని, శబ్దాన్ని బట్టి ఎవరు ఎట్లా తిప్పారో పక్కవాళ్ళకు చెబుతాడు. "వాడు కాలు తొందరగా తీసేసినాడప్పా" అంటాడు. సరిగ్గానే చెబుతాడు. ఆ పక్కన చోటు ఖాళీగా ఉన్నా నేను పోయి కూర్చోను.

ఇది ఇక్కడిదాకా రాసి నాలుగు రోజులైంది. ఆయన చదవలేడు. చదివి వినిపించాలంటే నేనే వినిపించాలి. "నువ్వు జరిపినావా?" అన్నచోటికి వచ్చేసరికి చదవడం ఆపేస్తానేమోనని నోటుపుస్తకాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి ఉంచాను.

ఆదివారం పొద్దున నేను గీత వేయడం అయ్యాక ఆయన వస్తాడు. చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి నిలబడతాడు. చేతిలో కర్ర ఉన్నా దాన్ని ఎత్తి పట్టుకుని కాళ్ళతోనే కొలుస్తాడు. నలభై ఏళ్ళ కాపురంలో నేను వండిన కూర రుచి చూడకుండా తిన్నాడు, నేను కట్టిన మూట విప్పి చూడకుండా ఊర్లు తిరిగాడు. ఇప్పుడు ప్రతి వారం నా గీతను కొలుస్తాడు. కార్లవాళ్ళు తాళాలు చేతిలో పెట్టుకుని నిలబడి ఉంటారు. నేను పిండి చేతులు వెనక్కి పెట్టుకుని, ఆయన పెదవుల కేసి చూస్తూ, నాలో నేను కూడా లెక్కపెడతాను.

చివరి అంగకు ఆగి, వంగి, వేలితో నేలను తాకుతాడు. వేలికి తెల్లగా అంటుకున్నది కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తాడు.

"పన్నెండు" అంటాడు, నాతో కాదు, కార్లవాళ్ళతో.