మహబూలా గదిలో తెల్ల గోడ

పోయినేడు కార్క్ నగరంలో తీసిన వీధి ఫొటోలు ఈ పేజీలో పెడితే అందరూ మెచ్చుకున్నారు, ఒక్క సుబ్బరాయుడు తప్ప. వాడు రాయచోటిలో నాతో చదువుకున్నవాడు, ఇప్పుడు కువైట్‌లో తాపీ పని చేస్తున్నాడు. "ఐర్లాండు దాకా పోయి తీస్తివే, మనోళ్లుండే చోటు నీ కెమెరాకు ఆనదా?" అని ఫోన్‌లో దులిపేశాడు. మాట గట్టిగానే తగిలింది. విజిట్ వీసా రాగానే బయల్దేరాను.

శుక్రవారం పొద్దున్నే కువైట్ సిటీలోని మాలియా బస్టాండు దగ్గర ఫహాహీల్ వైపు వెళ్లే బస్సెక్కాను. ఛార్జీ అర దినారు కూడా కాలేదు, సెలవు రోజు కాబట్టి కిటికీ సీటు దొరికింది. సుబ్బరాయుడు ఉండే మహబూలాలో దిగితే పక్కనే సముద్రం. నా కన్ను మాత్రం బాల్కనీల నిండా ఆరేసిన పని బట్టల మీద పడింది. వీధి ఫొటోల్లో చేయి తిరిగినవాణ్ని, వెలుగు కూడా కలిసొచ్చింది. కిరాణా కొట్టు ముందు ఉల్లిపాయలు ఏరుకునేవాళ్లనీ, మెట్ల మీద జుట్టు కత్తిరించుకునేవాళ్లనీ అడిగి మరీ తీశాను.

సుబ్బరాయుడి గది నిండా రెండంతస్తుల ఇనుప మంచాలు. అదే గదిలో ఉండే కడప ఖాదర్‌భాయ్ వంటగదిలో సంగటి కెలుకుతూ, "కూసో అన్నా, కోడి పులుసు ఐపాయ. ఫోన్ల పని ఖలాస్ అయినాక తిందాం" అన్నాడు. ఫోన్ల పని ఏమిటో కాసేపటికి అర్థమైంది. ఆ గదిలో ఒక్క గోడకే తెల్లసున్నం వేసి, మేకు కూడా కొట్టకుండా ఉంచుకున్నారు. ఇంటికి వీడియో కాల్ చేసేవాడు తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగి, ఆ గోడకు వీపు ఆనించి నిలబడతాడు. తక్కినవాళ్లు చప్పుడు చేయకుండా మంచాలెక్కుతారు. ఇంటివాళ్లకు తెల్ల గోడే కనిపిస్తుంది.

సుబ్బరాయుడి వంతు వచ్చినప్పుడు మూల నుంచి నొక్కాను. గోడ ముందు నవ్వుతూ వాడు, చుట్టూ మంచాల మీద ఊపిరి బిగబట్టిన మనుషులు. ఆ రోజుకు అదే గొప్ప ఫొటో. కాల్ అయ్యాక చూపిస్తే వాడి ముఖం పాలిపోయింది.

"ఇది పెట్టొద్దబ్బా. నాకు సొంత రూము ఉండాదని రవణమ్మకు చెప్పినా. తెలిస్తే అన్నం తినదు, వచ్చేయమని ఏడుస్తాది."

ప్రాణం ఉసూరుమంది. అయినా తీసేస్తానన్నాను. అంతలో ఖాదర్‌భాయ్ గరిటెతోనే వచ్చి చూశాడు.

"ఎన్నాళ్లు దాస్తావు సుబ్బన్నా? ఇంత బాగా పడినావు. ఆయమ్మకే పంపు."

సుబ్బరాయుడు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తన ఫోన్‌లోకి వేయించుకుని, కళ్లు మూసుకుని పెళ్లానికి పంపాడు. సంగటి చల్లారుతున్నా ఎవరూ ముట్టలేదు. కాసేపటికి రవణమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. అందరి ముందే పెట్టాడు.

"పై మంచం మీద నా నీలం దుప్పటి ఉండాదే, అదేనా నీది? పొద్దంతా పనిలో నిలబడి, మళ్లీ నాతోనూ నిలబడే మాట్లాడినావా ఇన్నేండ్లూ? ఇంక కూసోని మాట్లాడు."

ఖాదర్‌భాయ్ సంగటి వడ్డించాడు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇన్ని ఊళ్లు తిరిగాను గానీ, ఫొటో మొదట ఎవరి చేతికి చేరాలో ఆలోచించింది ఇక్కడే. ఆ ఫొటోను ఈ పేజీలో పెట్టడం లేదు. అది చేరాల్సిన చోటికి చేరింది. మీరు మహబూలా వెళ్లేటట్టయితే శుక్రవారం పొద్దున్నే వెళ్లండి, జుమ్మా నమాజు వేళ కొట్లు మూసేస్తారు. అడగకుండా మనుషుల్ని తీస్తే పోలీసుల దాకా పోతుంది, కాబట్టి ముందు అడగండి, తీశాక చూపించండి.

మరుసటి శుక్రవారం సుబ్బరాయుడు నాకు వీడియో కాల్ చేశాడు. నీలం దుప్పటి మీద, కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు.