గుడ్డ కింద తాత అన్న మాట

ఏడెనిమిదేళ్ల క్రితం, బిలాస్‌పూర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఆపరేషన్ థియేటర్ నర్సుగా అప్పటికి పదేళ్లు నిండి, నాకు తెలియనిది లేదన్న ధీమాలో ఉన్నాను.

ఆ ఉదయం అప్పలస్వామి తాతను తీసుకొచ్చారు. రైల్వే లోకో షెడ్డులో వెల్డరుగా రిటైరైన మనిషి. గొంతులో గడ్డ ఊపిరికి అడ్డుపడుతోంది. మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. దాన్ని ట్రేకియాస్టమీ అంటారు. పూర్తి మత్తు ఇస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం. అందుకని మెడకు మాత్రం నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, ముఖం మీదుగా ఆకుపచ్చ గుడ్డ కప్పాం. డాక్టరుగారికి తెలుగు రాదు. భయమేస్తే తాతకు హిందీ రాదు. మధ్యలో దుబాసీని నేను.

నెత్తురు ఆపడానికి డాక్టరుగారు కాటరీ అందుకున్నారు. కరెంటు వేడితో రక్తనాళాన్ని మూసే పెన్ను అది. దాన్ని వాడేముందు ఆక్సిజన్ తగ్గించి కాసేపు ఆగాలి. లేకపోతే గుడ్డ కింద చేరిన ఆక్సిజన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. గుర్తుచేయవలసింది నేను. చేయలేదు.

గుడ్డ కింద నుంచి బొంగురు గొంతు వినిపించింది.

“మంట, తల్లీ.”

“క్యా బోల్ రహే హైఁ?” అని ఆ మాటకు అర్థం అడిగారు డాక్టరుగారు.

“జలన్ హో రహీ హై, సర్,” అన్నాను. కోసిన చోట చురుక్కుమనే మంటే అనుకున్నాను, అదే చెప్పాను.

“అచ్ఛా,” అని ఆయన ఇంకో ఇంజెక్షన్ అడిగారు.

పొగ లేదు. గుడ్డ కదలడం లేదు. మళ్లీ అదే గొంతు, ఈసారి నాకు బోధపరుస్తున్నట్టు నెమ్మదిగా.

“నొప్పి కాదు. నీలంగా ఎలుతురొత్తంది.”

ఆయన అన్నది నిప్పు మంట అని అప్పుడు తట్టింది. గుడ్డ లాగేశాను. ఆయన చెంప పక్కనున్న గాజుగుడ్డ మీద, థియేటర్ దీపాల వెలుగులో కనీకనపడని నీలిమంట చప్పుడు లేకుండా పాకుతోంది. తాత కళ్లు నా వైపే ఉన్నాయి. ఆక్సిజన్ కట్టేసి సెలైన్ కుమ్మరించాం. చెంప, చెవి తమ్మె కాలాయి. ప్రాణం దక్కింది, గొట్టమూ పెట్టాం. ఇక ఊపిరి మెడలోంచే పోతుంది, గొంతు పలకదు.

తర్వాత పెద్దాసుపత్రిలో గడ్డతో పాటు స్వరపేటిక తీసేశారు, మాట శాశ్వతంగా పోయింది. కొన్నాళ్లకు ఆయన భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“గొట్టం ఎట్టీముందు మాటాడాడా, తల్లీ? ఏటన్నాడు?”

నేను తప్పుగా చెప్పిన సంగతితో సహా అంతా చెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఇప్పుడు రోగి ఏ మాటన్నా ముందు గుడ్డ ఎత్తి చూస్తాను, ఆ తర్వాతే హిందీలో చెబుతాను. ఆవిడ మాత్రం నన్ను తిట్టలేదు. “ఆకరి మాటలు నీకు సెప్పేడన్నమాట,” అని, ఆ రెండు ముక్కలూ నాచేత మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.