గుడివాడలో ఆవుపాలకి తిరిగిన రోజులు

గుడివాడ పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఊరివాళ్ళు ఏమైనా అనుకోనీండి. పెళ్ళయ్యాక ఆరేళ్ళపాటు మేం ఊళ్ళు పట్టుకు తిరిగాం. మా ఆయన నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించేవారు. నాటకం ఆడితే ఒక్కో ఊళ్ళో మూడు నెలలు, ఆడకపోతే మూటాముల్లే సర్దుకోవడమే. ఆయనకేం, పెట్టె ఎక్కడ దించితే అదే ఇల్లు. మంచినీళ్ళ బావి ఎటుంది, కిరసనాయిలు ఎవరమ్ముతారు, చాకలి మన బట్టలు ముట్టుకుంటాడా లేదా, అవన్నీ కనుక్కుంటూ తిరగాల్సింది నేను. నేనేమో ఒంగోలు అవతల మిషను బోర్డింగులో పెరిగినదాన్ని. అక్కడ గంట కొడితే అన్నం పెట్టేవాళ్ళు. పరాయి ఊళ్ళో ప్రతిదానికీ ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడాలని నాకెవరూ చెప్పలేదు.

గుడివాడలో దిగేసరికి మా పిల్లాడికి తొమ్మిది నెలలు. నాకు జ్వరం తగిలి పాలు పోయాయి. డబ్బాపాలు పడితే వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. కాంపౌండరు చూసి, "డబ్బా మానెయ్యమ్మా. ఆవుపాలు కాచి పట్టు. లేకపోతే పిల్లాడు దక్కడు" అని మొహం మీదే అనేశాడు. ఇక ఆ ఊళ్ళో నాకు మిగిలిన పని అదొక్కటే.

మా వీధిలో ఎక్కడ చూసినా గేదెలే. మేం ధాన్యం కొట్టు వెనక గదిలో ఉండేవాళ్ళం. అక్కణ్ణుంచి నాలుగిళ్ళ అవతల ఒక పెద్దావిడ ఇంట్లో మాత్రం ఈనిన ఆవు ఉందని తెలిసింది. పొలాలున్న ఇల్లు, భర్త పోయిన మనిషి. వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డాను. నన్ను ఎగాదిగా చూసి, "మీరేమిట్లు?" అంది.

"కిరస్తానీలమండీ."

"నాటకాలవాళ్ళా?"

ఔనన్నాను.

"చెంబు అక్కడ పెట్టి అవతలకి జరుగు."

జరిగాను. నా చెంబుకి ఆవిడ గిన్నె తగలకుండా జానెడు ఎత్తునుంచి పోసింది. బిడ్డ కోసం నోరు మూసుకున్నాను. పాలు మాత్రం చిక్కటి పాలు, కాదనను. మూడు రోజులు తాగేసరికి విరేచనాలు కట్టాయి, వాడి మొహంలో కాస్త కళ వచ్చింది.

నాలుగోరోజు వాణ్ణి చంకనేసుకుని వెళ్ళాను. ఆవిడ వాడికేసి కాసేపు చూసింది. పాలు పోశాక లోపలికెళ్ళి, ఏదో తెచ్చి, నా చెంబులోకి జారవిడిచింది. వంగి చూద్దును కదా, పొయ్యిలో బొగ్గుముక్క. మమ్మల్ని దూరం నిలబెట్టింది చాలక, పసివాడు తాగే పాలల్లో మసి వేస్తుందా?

"మీ ఆవుపాలు మీరే తాగండి" అని, చెంబెత్తి ఆవిడ వాకిట్లో ముగ్గు మీద బోర్లించాను. ఆవిడ ఆ పాలకేసి చూస్తూ నిలబడింది. తర్వాత తలుపేసుకుంది.

పొద్దెక్కేలోపు ఆ మాట వీధంతా పాకింది. ఈనిన ఆవు పాలు ఇంటివాళ్ళ వాకిట్లోనే పారబోసిన మనిషినట. అటు తర్వాత నాకు పాలు పోసినవాళ్ళు లేరు. పక్క వీధుల్లో వెతికితే ఆవున్న ఒకింట్లో ఇంకా పితకలేదన్నారు. ఇంకో ఇంట్లో, నాకు పోస్తే వాళ్ళ ఆవు పొదుగు ఎండిపోతుందని నేను వింటూండగానే అనుకున్నారు. బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో ఇచ్చినవి నీళ్ళు, అందులో ఎన్ని పాలున్నాయో ఆ దేవుడికే తెలియాలి. రైలుగేటు అవతల ఎవరింట్లోనో ఆవుందంటే పడుతూ లేస్తూ వెళ్ళాను. అప్పుడే దీపం వెలిగించారట. "దీపాలు పెట్టాక పాలివ్వం, వెళ్ళు" అన్నారు. ఊరు కాదు, రాతిగోడ. మూడోరోజుకి పిల్లాడికి మళ్ళీ విరేచనాలు. కళ్ళు లోతుకి పోయాయి. ఏడుస్తున్నాడు, గొంతు రావడం లేదు.

మా కంపెనీలో రాణి వేషాలు వేసే పెద్దామెది దివిసీమ. సంగతంతా విని తల పట్టుకుంది. "ఓసి పిచ్చిమొహమా, చంటిపిల్లలకి పాలు వీధిలో పట్టుకెళ్తుంటే నలుగురి కళ్ళూ పడతాయని, దిష్టి తగలకుండా బొగ్గు వేస్తారే. సొంత మనవడికి పంపినా వేస్తారు. నీ బిడ్డ బాగుండాలని వేసిందావిడ."

సిగ్గుపడ్డానని రాస్తే అందంగా ఉంటుంది. పడలేదు. ఇంకా మండింది. నా చెంబు ముట్టుకోకూడదు, నా నీడ పడకూడదు, నా బిడ్డకి దిష్టి మాత్రం తగలకూడదా? ఇదెక్కడి మనిషి?

అయినా వెళ్ళాను. పిల్లాడు నా భుజం మీద గుడ్డపేలికలా వేలాడుతున్నాడు. "తప్పైపోయిందండీ" అన్నాను. నా పుట్టుకలో అంత కష్టపడి అన్న మాట మరొకటి లేదు.

ఆవిడ పారబోసిన పాల ఊసే ఎత్తలేదు. "వాణ్ణి అరుగు మీద పడుకోబెట్టి జరుగు" అంది. జరిగాను. వచ్చి వాణ్ణి ఎత్తుకుంది. ఒళ్ళో వేసుకుని, తల కింద చెయ్యి పెట్టి, ఉగ్గుగిన్నెతో గోరువెచ్చటి పాలు కొంచెం కొంచెంగా పట్టింది. మొదట పట్టినవన్నీ ఆవిడ చీర మీదే కక్కాడు. కొంగుతో మూతి తుడిచి మళ్ళీ పట్టింది. గిన్నెడూ తాగి వాడు నిద్రపోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణాన కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేదాన్ని.

ఆవిడ వాణ్ణి తిరిగి అరుగు మీద పెట్టి, తీసుకోమని సైగ చేసి, పెరట్లోకి వెళ్ళింది. బావిలో చేద పడ్డ చప్పుడు వినిపించింది. కట్టుచీరతోనే నెత్తిమీంచి నీళ్ళు కుమ్మరించుకుంటోంది, నా బిడ్డని ఎత్తుకున్నందుకు. అక్కణ్ణుంచే, "సాయంత్రం దీపాలు పెట్టకముందే తీసుకురా" అంది.

తీసుకెళ్ళాను. కంపెనీ బందరు కదిలేదాకా రెండు పూటలా తీసుకెళ్ళాను. చలి ముదిరాక ఆవిడకి దగ్గు పట్టుకుంది. అయినా ఒక్క పూటైనా మానలేదు, నా బిడ్డకి పాలు పట్టడమూ, ఆ తర్వాత స్నానమూ.